హులిగమ్మ నోటి బీగం

మా వీధిలో హులిగమ్మంత నోరున్న మనిషి ఇంకొకరు లేరు. ఎమ్మిగనూరు మగ్గాలన్నీ ఒక్కసారి ఆడినా ఆమె గొంతు పైకే వినిపించేది. దేవుడు లోపం పెట్టింది కూడా ఆ నోటికే. అయితే మాటకు కాదు, కొరకడానికి. కింది దవడ ముందుకు పొడుచుకొచ్చి, నోరు ఎంత గట్టిగా మూసినా ముందుపళ్లు ఒకదానికొకటి తగిలేవి కావు. మధ్యలో ఒక బుడ్డగింజ దూరేంత సందు ఉండేది. వేరుశనగను మా వైపు బుడ్డలంటాం. ఆ బుడ్డలంటే ఆమెకు ప్రాణం. వాటిని బుగ్గలోకి తోసి, దవడపళ్లతో నమిలి తినేది.

తిండి సంగతి ఆమె పెద్దగా పట్టించుకోలేదు. ఆమెను ఏడిపించింది పోగు. మగ్గం మీద పోగు తెగితే రెండు కొసలూ కలిపి ముడివేసి, మిగిలిన తోకను ముందుపంటితో పుటుక్కున కొరికేస్తారు మా వాళ్లు. హులిగమ్మకు అది చేతకాదు. పక్క మగ్గం గుంటలో కూర్చునే మొగుడు బజారి, పోగు తెగిన సంగతి కనిపెట్టి, మాట్లాడకుండా ఇటు వంగి కొరికిపెట్టేవాడు. పెళ్లయిన నాటి నుంచీ ఇదే తంతు.

"నా కొడుకు ఎంగిలి కాని పోగు ఒక్కటన్నా ఉందామ్మే నీ చీరలో?" అని అత్త హుసేనమ్మ రాట్నం దగ్గర కండెలు చుడుతూ ఎత్తిపొడిచేది. విన్నవాళ్లంతా నవ్వేవాళ్లు. హులిగమ్మ కూడా నవ్వేది గానీ, ఆ మాట ఆమెకు లోపల గుచ్చుకునేది. తన పోగు తాను కొరకలేనిది ఏం నేతగత్తె అని ఆమె దిగులు.

ఆంధ్ర రాష్ట్రం వచ్చిన కొత్తలో మద్రాసులో చేనేత ప్రదర్శన పెట్టారు. మగ్గం నేసి చూపించడానికి మా ఊరి నుంచి ఈ మొగుడూ పెళ్లాలను పంపారు. అక్కడికి చీరలు చూడటానికి వచ్చిన ఒకామె చీరలు వదిలేసి హులిగమ్మ నోరే చూస్తూ నిలబడింది. పోగు తెగడమూ, బజారి వంగడమూ రెండుమూడుసార్లు చూసి, దగ్గరికి వచ్చి గడ్డం పట్టుకుంది. ఆమె పళ్ల డాక్టరు.

దవడ ఎముకను కోసి వెనక్కి జరపవచ్చని డాక్టరమ్మ చెప్పింది. అయితే ముందు పళ్లకు తీగలు కట్టి, ఏడాదికి పైగా బిగిస్తూ వాటిని వరసకు తేవాలి. ఆ తర్వాతే కోత. కోత అయ్యాక పైపళ్లనూ కిందపళ్లనూ కలిపి కట్టేస్తారు. నెలన్నర పాటు నోరు తెరవడానికి లేదు, గొట్టంతో తాగడమే.

"నెలన్నర నోరు మూసుకోవల్లనా?" అంది హులిగమ్మ గుండె మీద చెయ్యి వేసుకుని.

"ఆ పని మాత్రం ఈమెతో కాదులే డాక్టరమ్మా" అన్నాడు బజారి.

ఆ మాటకు రోషం వచ్చే ఆమె ఒప్పుకుందని మా వీధిలో చెప్పుకుంటారు. ఆమె సంగతి తెలిసినదాన్ని గనుక నేను నమ్ముతాను.

అప్పటి నుంచి తీగలు బిగించుకోవడానికి ఆదోని పోయి మద్రాసు బండి ఎక్కడం, వారం పాటు పళ్లు జివ్వుమంటూ తిరిగి రావడం మొదలైంది. ఒకసారి జొన్నరొట్టె అంచు తగిలి తీగ ఊడింది. డాక్టరమ్మ మొహం మాడ్చుకుంది. "ఇంకొకసారి ఊడితే పళ్లు మళ్లీ మొదటికొస్తాయి. ఉగాది దాటితే నేను పైచదువుకు వెళ్లిపోతాను. ఈ కోత చేసేవాళ్లు ఇక్కడ మరొకరు లేరు" అంది. ఇంత బక్కగా ఉంటే కత్తి పెట్టనని, ఒళ్లు చేసి రమ్మని కూడా చెప్పింది. గట్టివి తినకుండా ఒళ్లు ఎలా చేస్తుంది? హులిగమ్మకు బెంగ పట్టుకుంది.

సరిగ్గా అప్పుడే దగ్గరి ఊరు గోనెగండ్ల నుంచి రామమ్మ అనే ఆమె చీర కొనడానికి వచ్చింది. హులిగమ్మ ఏదో చెప్పి పకపకా నవ్వింది. పళ్ల మీద తీగలు తళుక్కుమన్నాయి. మా వైపు పెద్ద మొక్కు మొక్కినవాళ్లు నోటికి వెండి బీగం వేసుకుని, మాటాపలుకూ లేకుండా గుడికి పోవడం ఉంది. రామమ్మ ఒక్క క్షణం నోరు తెరిచి చూసి, చీర పక్కన పడేసి హులిగమ్మ కాళ్ల మీద పడింది.

"తల్లీ! లోపల్నే ఏసుకున్నావా బీగం!"

"అయ్యో, బీగం కాదక్కా, మద్రాసులో డాక్టరమ్మ ఏసిన తీగ" అని మొదలుపెట్టి హులిగమ్మ ప్రదర్శన దగ్గర నుంచి రైలు దాకా అంతా చెప్పింది. రామమ్మ శ్రద్ధగా విని మళ్లీ దండం పెట్టింది. "నోటికి బీగం ఏసుకొని గూడా ఇన్ని మాటలు మాట్లాడుతాండావంటే, అది అమ్మవారి మహిమ కాక ఇంగేంది?"



మరుసటి సంతనాటికి ఇంటి ముందు ఆడవాళ్లు బారు తీరారు. గోనెగండ్ల నుంచి, నందవరం నుంచి వచ్చారు. వస్తూ ఎండుకొబ్బరి, బెల్లంపాకం పట్టిన బుడ్డల ఉండలు తెచ్చారు. హులిగమ్మ ఒక కొస కొరికి ఇస్తే అది ప్రసాదమట. అందరికంటే ముందు రామమ్మ తన ఉండను హులిగమ్మ పెదవుల దగ్గర పెట్టింది. "నా బిడ్డకు ఈ ఏడన్నా కడుపు పండల్ల తల్లీ, ఒక్క కొస కొరుకు" అంది.

దవడపళ్లతో కొరికితే తీగ ఊడుతుంది, కోత పోతుంది. కొరకనంటే కూతురి కోసం అంత దూరం నడిచి వచ్చిన తల్లి మనసు విరుగుతుంది. హులిగమ్మ కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆమె అత్త వైపు చూసింది.

రాట్నం ఆపి హుసేనమ్మ లేచి వచ్చింది. "ఆగండమ్మే! నా కోడలి నోట్లో ఉండేదానికి గట్టివి గిట్టవు. నమిలినాదంటే ఇన్నాళ్ల కష్టమంతా పాడైపోతాది. తాగేవి తెండి. ఒక గుక్క తాగి మీకిస్తాది."

ఆడవాళ్లు వెంటనే లెంపలు వేసుకున్నారు. వాళ్లు పోయాక బజారి, "అబద్ధం సెప్పినావే అమ్మా" అన్నాడు.

"అందులో అబద్ధం ఒక్కటి సూపియ్యి! డాక్టరమ్మ సెప్పిందే సెప్పినా" అంది హుసేనమ్మ.

అది మొదలు మా వీధికి చెంబులూ తపేలాలూ కదిలొచ్చాయి. గసగసాల పాయసం, రాగి అంబలి, చిక్కటి మజ్జిగ, బుడ్డలు రుబ్బి పిండిన పాలు. ఒక గుక్క అన్న హుసేనమ్మ మాట రెండోనాటికే ఎవరికీ గుర్తు లేదు. సగం తాగందే రామమ్మ కదిలేది కాదు. పళ్లు బిగించి తాగడం అలవాటు కావాలని హులిగమ్మ నూలు చుట్టని ఖాళీ కండె గొట్టాన్ని బుగ్గ సందులో పెట్టుకుని జుర్రుకునేది. చెంపలు నిండాయి, రవికె బిగుతైంది. నోరు మూసుకుని ఉండే సాధన కూడా చేసింది గానీ, అది పొద్దున మొదలుపెడితే కల్లాపి చల్లేలోపలే ముగిసేది.

కోతకు బయలుదేరిన రోజు ఆదోని స్టేషనులో మాత్రం ఆమె సాధన లేకుండానే మౌనంగా నిలబడింది.

"భయమైతాందామ్మే?" అంది హుసేనమ్మ.

"అయితాందత్తా. ఎముక కోస్తారు."

"నాకూ అయితాంది" అని అత్త ఆ పొడుగు గడ్డాన్ని రెండు చేతులా పట్టుకుంది. "రేపు ఇది లోపలికి పోతే నాకందదు. ఇప్పుడే పట్టుకోనీ." కోడలు నవ్వింది, అత్త ఏడ్చింది.

కోత బాగా జరిగింది. నోరు కట్టించుకుని తిరిగి వచ్చిన హులిగమ్మను చూడటానికి రామమ్మ పాలచెంబుతో పరుగున వచ్చింది. బిగించి ఉన్న పళ్లు చూసి విజయగర్వంతో నడుం మీద చెయ్యి వేసుకుంది. "ఇన్నాళ్లూ కాదు కాదు అంటాంటివే! ఇప్పుడేమంటావు తల్లీ?"

హులిగమ్మ ఏమీ అనలేకపోయింది. ముక్కుతోనే నవ్వి, నవ్వి, కుట్లు లాగితే గడ్డం పట్టుకుని కూర్చుంది. మా వీధి అంత నిశ్శబ్దంగా ఎన్నడూ లేదు. చెప్పడానికి సిగ్గెందుకు, ఆ నెలన్నరా మాకు ఏమీ తోచలేదు.

కట్లు విప్పాక కూడా గట్టివి తినడానికి డాక్టరమ్మ వెంటనే ఒప్పుకోలేదు. ఒప్పుకున్న మరునాడు హులిగమ్మ ఒడిలో వేయించిన బుడ్డలు పోసుకుని మగ్గంలోకి దిగింది. వీధిలో సగం మందిమి గుమ్మంలోనే ఉన్నాం. పోగు తెగింది. ముడివేసింది. బజారి అలవాటు చొప్పున, తల ఎత్తకుండానే ఇటు వంగి నోరు తెరిచాడు.

పుటుక్కుమంది. తోక అప్పటికే హులిగమ్మ ముందుపళ్ల మధ్య ఉంది.

బజారి వంగినవాడు వంగినట్టే, తెరిచిన నోరు తెరిచినట్టే ఉండిపోయాడు. హులిగమ్మ ఒడిలోంచి ఒక బుడ్డగింజ తీసి, ముందుపళ్లతో సగానికి కొరికి, మిగిలిన సగం ఆ నోట్లో వేసింది.

"తిను నాయనా" అంది హుసేనమ్మ, కొంగుతో కళ్లు తుడుచుకుంటూ. "ఇంగ ఆమె ఎంగిలి నీవు తిను."