చెత్త బండిలో బండల బురద

తాండూరులో చెత్త ఎత్తే పనిని ఒక కంపెనీకి ఇచ్చేస్తారన్న మాట నడుస్తున్న రోజులవి. ముందు ఒక వార్డును నెల రోజులకు కంపెనీకి ఇచ్చారు. పక్క వార్డులో పదేళ్లుగా ఊడుస్తున్న మా అక్క, ఆమె తోటివాళ్లు. నెల తిరిగేసరికి ఎత్తిన చెత్త తూకంలో ఎవరు ముందుంటే రెండు వార్డులూ వాళ్లకే.

మొదటి రోజే పేపర్లో పూలదండ వేసిన కొత్త బండి ఫోటో వచ్చింది. మరో పది రోజులకు, కంపెనీ రెట్టింపు చెత్త ఎత్తుతోందని పెద్ద అక్షరాల్లో వేశారు.

నేను వికారాబాద్ నుంచి రోజూ రైల్లో వచ్చి ఇక్కడి పాలిష్ యూనిట్లో నాపబండలు కొలుస్తాను. ఆ సాయంత్రం అక్క ఇంటికి వెళ్తే పేపరు నా ముందు పడేసింది.

"సూడు తమ్మీ, మేం పండుకుంటున్నమంట! లెక్కలు జేసెటోనివి గద, చెప్పు. గా వార్డోళ్లు రెండింతలు తింటున్నరా?"

నవ్వాను గాని ఆ మాట నన్ను వదల్లేదు. రెండు వార్డులూ తిరిగి ఇళ్లు లెక్కబెట్టాను. అటూ ఇటూ ఇంచుమించు సమానం. హోటళ్లు అక్క వైపే ఎక్కువ. ట్రిప్పులూ సమానమే, పైగా కంపెనీ బండి చిన్నది. మరి రెట్టింపు ఎక్కడిది?

మర్నాడు చెత్త బండ్లను తూచే కాంటా దగ్గర నిలబడ్డాను. కంపెనీ బండి సగమే నిండింది. చక్రాల మీది కమాను పట్టీలు మాత్రం బరువుకు వంగిపోయాయి. వెనక తలుపు కింద నుంచి బూడిదరంగు నీళ్లు కారుతున్నాయి. ఆ రంగు రోజూ నా ప్యాంటు మీద ఉండేదే.

పాలిష్ పట్టేటప్పుడు రాయి అరిగి, నీళ్లతో కలిసి, గుంటలో బురదగా పేరుకుంటుంది. దాన్ని వదిలించుకోవడం మాకు పెద్ద పని. ఆ మధ్య ఈ బండి డ్రైవరే వచ్చి ఊరికే తీసుకుపోతానంటే మా యూనిట్ సేటు కంటే నేనే ఎక్కువ సంబరపడ్డాను. తట్టలకు చెయ్యి కూడా వేశాను. ప్రతి బండనూ రెండుసార్లు కొలిచే నేను, ఊరికే ఎందుకని ఒక్కసారీ అడగలేదు.

వార్త రాసిన విలేకరిని టీ కొట్టు దగ్గర పట్టుకుని బురద సంగతి చెప్పాను.

"పంపుత అన్నా. అచ్చుల వస్తదో రాదో పైనోళ్లకెర్క" అన్నాడు. పేపరు తిరగేసి చివరి పేజీలో ఆ కంపెనీ ప్రకటన చూపించి టీ తాగాడు. మూడు రోజులు చూశాను. ఏమీ రాలేదు.

అక్కకు చెప్పక తప్పలేదు. "గా బురద మాదే అక్కా. నేనే ఎత్తించిన."

"నా పొట్ట మీద నువ్వే కొట్టినవ్ గద తమ్మీ!" పేపరు మడిచి పక్కన పడేసింది. "సరే. రేపు బండొస్తె ఏం జేస్తవ్?"

మర్నాడు బండి వస్తే నేను యూనిట్ గేటు తెరవలేదు. సేటు వచ్చాడు. "నీకెందుకయా ఫికర్? మన గుంట ఖాళీ అయితున్నది గద!"

"మా అక్క పని పోతది సేటూ. గుంట నిండితే నేనే తోడుత."

ఆయన గొణుక్కుంటూ లోపలికి పోయాడు. బండి మాత్రం ఆగలేదు, నేరుగా పక్క యూనిట్లోకి తిరిగింది. అక్కకు ఫోన్ చేశాను.

నేను కాంటా చేరేసరికి అక్క, ఇంకో నలుగురు ఆడవాళ్లు బండికి అడ్డంగా నిలబడి ఉన్నారు.

"డోర్ తియ్ కొడుకా. గంత బరువు చెత్త మేమెన్నడూ సూడలే, జర సూపియ్."

డ్రైవర్ ఫోన్ తీశాడు. తూకం రాయబోతున్న కాంటా అతను పెన్ను జేబులో పెట్టుకున్నాడు.

"తలుపు తీస్తేనే తూకం" అన్నాడు.