తడి ఇసుక పోసిన నాలుగు ట్రాములు

నిన్న పొద్దున సుగుణక్క కూతురు ఫోన్ చేసింది.

"అంకుల్, అమ్మ పోయింది. నిద్రలోనే."

ఫోన్ పెట్టేశాక చూసుకుంటే నా కుడి పిడికిలి బిగుసుకుపోయి ఉంది. భయం వేసినప్పుడల్లా అంతే. ఎందుకో సుగుణక్క ఒక్కదానికే తెలుసు.

పోస్టులు పెట్టే అలవాటు నాకు లేదు. ఇది మాత్రం రాయాలి.

మన శాన్‌ఫ్రాన్సిస్కో గ్రూపులో చాలామందికి ఆవిడ రిటైర్ అయ్యాకే పరిచయం. అంతకుముందు ఏళ్ల తరబడి ట్రామ్ నడిపింది. డౌన్‌టౌన్ నుంచి సముద్రం ఒడ్డు దాకా. యూనిఫాం వేసుకున్నా, డ్యూటీ ఎక్కే ముందు ట్రామ్ మెట్టును తాకి చేతిని కళ్లకద్దుకునేది. తోటి డ్రైవర్లు నవ్వేవాళ్లు. తర్వాత వాళ్లలో ఒకరిద్దరు తామూ తాకడం మొదలుపెట్టారు.

నేను ఓడ పని మీద వచ్చి ఇక్కడ ఉండిపోయినవాణ్ణి. పెద్ద చదువు లేదు. డెబ్భై తొమ్మిదిలో సముద్రం దగ్గరి ఆఖరి స్టాప్‌లో, ఒక రేకుల గదిలో పని దొరికింది. ట్రాములు తుడవాలి. ఇసుక పెట్టెలు నింపాలి.

పాత ట్రాముల్లో సీటు కింద ఇసుక పెట్టె ఉండేది. పట్టాలు తడిగా ఉంటే చక్రాలు జారతాయి. అప్పుడు గొట్టంలోంచి చక్రాల ముందు ఇసుక రాలితేనే బ్రేక్ పట్టు దొరుకుతుంది.

నేను ఎవరితోనూ మాట్లాడేవాణ్ణి కాదు. ఇంగ్లీషు అంటే భయం. ఈ దేశంలో ఉండటానికి పేపర్లు ఇంకా రాలేదు, అదొక భయం. "నీ నోట్లోంచి మాట రావాలంటే టికెట్ కొనాలా తమ్ముడూ?" అనేది అక్క.

ఒక రోజు పొద్దున, పొగమంచు. గదిలో ఇసుక బస్తాలు అయిపోయాయి. ఆఫీస్‌కి ఫోన్ చేసి అడగాలి. అడగలేదు.

రోడ్డు దాటితే బీచ్. కావలసినంత ఇసుక. బకెట్లతో తెచ్చి నాలుగు ట్రాముల్లో పోశాను.

ఏ రోజు పని ఆ రోజు పుస్తకంలో రాసుకోవడం నాకు అలవాటు. నాలుగు ట్రాముల నంబర్లూ రాసుకున్నాను.

డిపో నుంచి ఇసుక బస్తాలు తెచ్చుకుందామని నాలుగో ట్రామ్‌లో నేనూ ఎక్కాను. అది సుగుణక్కది.

కొండ ఎక్కాం. దిగుతున్నాం. కింద స్టాప్ దగ్గర ఒక చైనా ముసలావిడ చక్రాల సంచీ లాక్కుంటూ పట్టాలు దాటుతోంది.

అక్క బ్రేక్ వేసింది. ట్రామ్ ఆగలేదు. జారుతోంది.

గంట మోగుతూనే ఉంది. నేను ఇసుక చప్పుడు కోసం విన్నాను. పెట్టె నా కాళ్ల దగ్గరే. సర్రుమని రాలాలి. ఏమీ లేదు.

అప్పుడు అర్థమైంది.

ముసలావిడకు జానెడు దూరంలో ట్రామ్ ఆగింది. ఆవిడ గొడుగుతో ట్రామ్ ముఖాన నాలుగు దెబ్బలు కొట్టి, తిట్టుకుంటూ వెళ్లిపోయింది. ఎవరికీ ఏమీ కాలేదు.

అక్క లేచి వచ్చి పెట్టె మూత తీసింది. గుప్పెడు ఇసుక తీసి నా కుడి చేతిలో పెట్టి, పిడికిలి బిగించమంది. తెరిస్తే తడి ముద్ద, గొట్టంలోంచి రాలనిది. నా వేళ్ల అచ్చులు దాని మీద.

"ఎన్ని బండ్లలో పోశావ్?"

"ఇదొక్కటే" అన్నాను.

నిజం చెప్తే పని పోతుంది. పని పోతే పేపర్లు పోతాయి. ఆ క్షణంలో నాకు అదే కనిపించింది.

అక్క తిట్టలేదు. కిటికీలోంచి ముందున్న మరో కొండ వైపు చూపించింది. పైన పొగమంచు తప్ప ఏమీ కనబడలేదు.

"మిగతావి దీని కంటే ముందు బయల్దేరాయి తమ్ముడూ. ఆ డ్రైవర్లకి తెలీదు. నీకు తెలుసు."

జేబులోంచి పుస్తకం తీసి ఇచ్చాను. నంబర్లున్న పేజీ తెరిచి చూపించాను. ఆవిడే చదివింది.

స్టాప్ దగ్గరి స్తంభానికి ఆఫీస్ ఫోన్ ఉండేది. అక్క అందులో నంబర్లు చెప్పింది. రెండు ట్రాములు వెంటనే ఆపించారు. మూడోది దొరకలేదు. అది ఆ కొండ కింది టన్నెల్‌లో ఉందో, దాటి అవతలి దిగుడులో ఉందో ఎవరికీ తెలియదు.

ఫోన్ పక్కన నిలబడ్డాం. ప్రయాణికులు గొణుగుతున్నారు. దూరంగా ఏ సైరన్ వినిపించినా అది నా కోసమే అనుకున్నాను. ఆ ముద్ద ఇంకా నా పిడికిలిలోనే ఉంది. పారేయాలని కూడా తోచలేదు.

ఫోన్ మోగింది. అక్క విని, పెట్టేసి, కళ్లు మూసుకుంది.

"టన్నెల్ లోపలే ఆపారు. పద."

ఆఫీస్‌లో అక్క నా తరఫున ఏ అబద్ధమూ చెప్పలేదు. తడి ఇసుక పోసింది ఇతనే అని చెప్పింది. నంబర్లు ఇచ్చిందీ ఇతనే అని చెప్పింది. వారం రోజులు పనిలోకి రావద్దన్నారు. తర్వాత ఇసుకను వేయించి ఆరబెట్టి, జల్లెడ పట్టే పనిలో పెట్టారు. రిటైర్ అయ్యేదాకా అదే చేశాను.

పాత ట్రాములు పోయి కొత్తవి వచ్చాయి. అక్క వాటినీ నడిపింది. ఎప్పుడు ఎదురుపడినా తన అరచెయ్యి చాపేది. చిటికెడు ఇసుక పోసేవాణ్ణి. వేళ్ల సందుల్లోంచి జారిపోతే తలూపి ఎక్కేది.

ఆ పొద్దుటి సంగతి మాత్రం అక్క ఆఫీస్ బయట ఎవరికీ చెప్పలేదు. నేనూ చెప్పలేదు. ఇవాళ చెప్తున్నాను.

ఇందాక ఆవిడ ఇంటికి ట్రామ్‌లోనే వెళ్లాను. మళ్లీ పొగమంచు. అదే దిగుడు. పిడికిలి బిగుసుకుంది. బ్రేక్ వేశారు. కింద సర్రుమన్న చప్పుడు.

స్టాప్‌లో దిగి, ట్రామ్ వెళ్లాక, పట్టా మీద మిగిలిన ఇసుక చిటికెడు తీసుకున్నాను. పిడికిలిలో నిలవలేదు.

అక్కా, ఇసుక పొడిగా ఉంది. నేను చూశాను. నువ్వు నిశ్చింతగా బయల్దేరు.