ఎలకల బావ సంఘంలో చేరాడు

మా అక్క మొగుణ్ణి ఊరంతా ఎలకల బావ అంటుంది. వాళ్లకెవరికీ ఆయన బావ కాడు. ఆ పేరు పెట్టింది నేను, మరదల్ని కనుక. "కొండ తవ్వి ఎలుకను పట్టడం దేనికండీ, మా బావని పిలవండి, తవ్వకుండానే పడతాడు" అని నలుగురిలో అంటే మురిసిపోయేవాడు. గోదాముల్లో, హోటళ్ల వంటగదుల్లో ఎలకలకు మందు పెట్టడం ఆయన పని.

ఆ పని గురించి ఎంత గర్వమో! "తినగానే చచ్చే ఎలుక దండగ, మరదలా. మిగతావి చూసి జాగ్రత్తపడతాయి. తినాలి, నాలుగు రోజులు నీరసంగా తిరగాలి, అప్పుడు పోవాలి. ఎవరికీ అనుమానం రాదు" అని అన్నం తింటూ చెప్పేవాడు. అక్క కంచం పట్టుకుని పక్క గదిలోకి పోయేది.

అలాంటి మనిషికి గుడ్లగూబలంటే ప్రాణం. "మా శాఖ వాళ్లే, జీతం అడగరు" అనేవాడు. పాత గడియారం గోపురంలో ఒక జంట పిల్లల్ని పెట్టిందని తెలియగానే పక్షి సంరక్షణ సంఘంలో సభ్యుడయ్యాడు. మర్నాడే సమావేశం. ఇస్త్రీ చొక్కా వేసుకుని, సభ్యత్వ కార్డు జేబులోంచి సగం కనబడేలా పెట్టుకుని, ఒక్కడే పోవడానికి సిగ్గుపడి నన్ను వెంటబెట్టుకెళ్లాడు. పెళ్లినాడు కూడా ఇంత ముస్తాబు లేదని అక్క ఎత్తిపొడిచింది.

గ్రంథాలయం పైగదిలో పదిమంది బల్ల చుట్టూ నిలబడి ఉన్నారు. బల్ల మీద పరిచిన పేపరు, దాని మీద చచ్చిన గుడ్లగూబ. గోపురం జంటలో ఒకటి, పొద్దున మెట్ల మీద దొరికిందట. ఒంటి మీద దెబ్బ లేదు.

"లోపలంతా నెత్తురే, గడ్డకట్టలేదు" అన్నాడు పక్షుల డాక్టరు. "ఎలకల మందు. ఇది నేరుగా తినలేదు. మందు తిన్న ఎలకలు పరిగెత్తలేవు కదా, దీనికి తేలిగ్గా దొరికేది అవే."

బావ ముఖం చూస్తే కత్తివాటుకు నెత్తురు చుక్క లేదు. గోపురాన్ని ఆనుకునే ధాన్యం గోదాము ఉంది. పోయిన వారం అందులో మందు పెట్టింది ఆయనే.

సంఘం అధ్యక్షురాలు, ఒకప్పటి లెక్కల టీచరు, బల్ల మీద గుద్దింది. "ఏ దుర్మార్గుడు పెట్టాడో గానీ!"

నోరు విప్పకు బావా, అని లోపల్లోపల వేడుకున్నాను. మా అక్క ఇల్లు గడిచేది ఆ మందు మీదే. ఆయన ముందుకు జరిగాడు.

"నేనేనండీ."

"మీరా? మీరు మన మెంబరు కదండీ!"

"అవునండీ. నిన్నటి నుంచి."

డాక్టరు అడిగాడు. "రెండోది ఇంకా బతికే ఉంది. పిల్లలున్నాయి. మందు ఇంకా అక్కడే ఉందా?"

బావ అప్పటికే మెట్లు దిగుతున్నాడు. ఆయన పరిగెత్తడం నేనెప్పుడూ చూడలేదు.

గోదాములో వెలుగు తగ్గిపోతోంది. గోడ వెంట మందు డబ్బాలు వరసగా ఉన్నాయి. మామూలు రోజుల్లో డబ్బా ఖాళీగా కనబడితే పని బాగా సాగుతోందని ఈల వేసేవాడు. ఇప్పుడు మొదటి మూత తీశాడు. ఖాళీ. రెండోది ఖాళీ. మిగతావి నేను తీశాను. అన్నీ ఖాళీయే.

"చిన్న ముక్క కూడా లేదే" అన్నాడు, నన్ను తిడుతున్నట్టు. ఎత్తి పారేయడానికి మందే మిగల్లేదు. అదంతా ఎలకల కడుపుల్లో తిరుగుతోంది. నాకు ఏడుపొచ్చింది, ఆయన మీద కోపం కూడా వచ్చింది.

బయటికి వచ్చేసరికి గోపురంలో పిల్లలు ఆకలికి బుసలు కొడుతున్నాయి. గోదాము కప్పు మీదుగా మిగిలిన గుడ్లగూబ చప్పుడు లేకుండా వచ్చింది. దాని కాళ్లలో ఎలుక వేలాడుతోంది.

"వద్దు! పెట్టకు! వద్దమ్మా, వాటికి పెట్టకు!"

వీధిలో జనం ఆగి చూస్తున్నా బావ అరుస్తూనే ఉన్నాడు. రాయి తీసి చెయ్యెత్తాడు గానీ, దాన్ని కొట్టలేకపోయాడు. అది గోపురంలోకి దూరింది.

కాసేపటికి పిల్లల బుసలు ఆగిపోయాయి. తింటున్నాయి.