తూర్పు చూసే వ్యాన్

మావారు పోయాక జరిగిన సంతాప సభలో చాలామంది మాట్లాడారు. మంచితనం గురించి, సాహిత్యాభిమానం గురించి పెద్ద పెద్ద మాటలు చెప్పారు. అబద్ధాలేమీ కావు. కాని ఇంటికొచ్చి ఆలోచిస్తే, అందులో ఎవరి గురించైనా చెప్పగలిగిన మాటలే ఎక్కువ ఉన్నాయనిపించింది. ఆయన అన్నిటికన్నా సంతోషంగా ఉన్న కాలం ఒక డీజిల్ వ్యాన్‌లో గడిపారు. దాని ఊసు ఎవరూ ఎత్తలేదు. ఆ పని నేను చేస్తాను.

ఎనభైల మధ్య సంగతి. అప్పుడు న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఉండేవాళ్ళం. ఆయన ఒక రంగుల కంపెనీ ల్యాబులో కెమిస్టు, నేను లైబ్రరీలో పనిచేసేదాన్ని. ఆయన విభాగాన్ని కంపెనీ మూసేసింది. ఇంకో ఉద్యోగం వెతుక్కుంటారనుకుంటే, ఆయన ఒక వాడిన వ్యాన్ కొనుక్కొచ్చారు. అంతకు ముందు అది ఒక బేకరీది. వెనక తలుపులు తీస్తే ఇంకా వెన్న వాసన వచ్చేది.

మా ఊరి ఓక్ ట్రీ రోడ్డు మీద అప్పటికి ఇన్ని మనవాళ్ళ దుకాణాలు లేవు. పెన్సిల్వేనియా కొండల్లో చిన్న ఊళ్ళ ఆస్పత్రుల్లో పనిచేసే మనవాళ్ళకి ఆ ఉన్న కాసిని కూడా లేవు. కందిపప్పు, చింతపండు, గోంగూర పచ్చడి, కరివేపాకు వ్యాన్‌లో వేసుకుని ప్రతి శనివారం వాళ్ళ ఇళ్ళ ముందుకు తీసుకెళ్ళాలని ఆయన ఆలోచన. శనివారాలు నాకు సెలవు కాబట్టి నేనూ వెళ్ళేదాన్ని.

ఆ ఇంజన్ గురించి ఆయన అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చెప్పేవారు. ఎనిమిది సిలిండర్లు, నాలుగేసి చొప్పున వి ఆకారంలో. అన్నీ కలిపి దాదాపు ఏడు లీటర్లు. టర్బో లేదు, కంప్యూటర్ లేదు. స్పార్క్ ప్లగ్గులు అసలే లేవు. గాలిని ఇరవయ్యో వంతు కన్నా తక్కువ చోటులోకి నొక్కేస్తే అది కాగుతుంది, అందులోకి డీజిల్ చిమ్మితే దానంతటదే అంటుకుంటుంది. "ఇంతకన్నా నిజాయితీ ఉన్న యంత్రం ఉండదోయ్" అనేవారు నాతో. లోపాలు కూడా దాచేవారు కాదు. ఆ ఇంజన్‌లో సిలిండరు గోడల వెనక పారే నీళ్ళలో సన్నటి బుడగలు పుట్టి, పగిలి, ఇనుముని బయటినుంచి కొరుక్కు తింటాయి. అది జరక్కుండా రేడియేటర్ నీళ్ళలో ఒక మందు కలపాలి. ల్యాబు పోయిన కెమిస్టుకి ఇంతకన్నా ఏం కావాలి? మా ఇంట్లో ఉప్పు సరిపోయిందో లేదో రుచి చూడని మనిషి, రేడియేటర్ నీళ్ళు మాత్రం తరచు పరీక్ష చేసేవారు.

వ్యాన్‌లో ఇంజన్ ముందు బానెట్ కింద సగం, మా ఇద్దరి సీట్ల మధ్య సగం ఉండేది. దాని మీద పెద్ద మూత. డ్రైవ్ చేస్తున్నంతసేపూ ఆ మూత వెచ్చగా ఉండేది. న్యూజెర్సీ చలికి పులవని ఇడ్లీ పిండి దాని మీద పెడితే హారిస్‌బర్గ్ చేరేసరికి పొంగేది. ఆ చప్పుడులో మాట్లాడుకోవాలంటే అరవాలి. ల్యాబులో పనిచేసినన్నాళ్ళూ ఇంటికొచ్చి పది మాటలు మాట్లాడని మనిషి, వ్యాన్‌లో అరిచి అరిచి పద్యాలు చదివేవారు.

మొదటి వేసవి, ఆకురాలు కాలం బాగా గడిచాయి. చలి మొదలయ్యాక వ్యాన్ పొద్దున్నే స్టార్ట్ అవడం మానేసింది. చల్లటి డీజిల్ ఇంజన్‌కి ముందు సిలిండర్లని కాస్త వేడి చేయాలి. ఆ పని గ్లో ప్లగ్గులు చేస్తాయి, సిలిండరుకి ఒకటి. తాళం తిప్పితే డాష్‌బోర్డు మీద పసుపు దీపం వెలుగుతుంది. అది ఆరేదాకా ఆగి, అప్పుడు స్టార్ట్ చేయాలి. మేము ఆగేవాళ్ళం. దీపం ఆరేది. ఇంజన్ గరగరమని తిరిగేది, తిరిగేది, బ్యాటరీలు నీరసపడేదాకా తిరిగేది. అంటుకునేది కాదు.

గ్యారేజీవాడు గ్లో ప్లగ్గులు పోయాయన్నాడు. నిజంగానే పోయాయి. అన్నీ మార్పించారు. కొన్ని వారాలకి మళ్ళీ పోయాయి. ఒకటైతే కొస ఉబ్బి, దాని చోటులోనే ఇరుక్కుపోయి, ఊడదీయడానికి నానా అవస్థా పడ్డారు. రెండు శనివారాలు వెళ్ళలేకపోయాం. కొండ ఊళ్ళలో మా కోసం ఎదురుచూసిన ఆడవాళ్ళు ఫోన్ చేసి మర్యాదగానే మాట్లాడారు. ఆ మర్యాదే ఆయన్ని భయపెట్టింది.

సరిగ్గా అప్పుడే పాత బాసు ఫోన్ చేశాడు. కంపెనీ ఇంకో ల్యాబులో చోటుంది, ఫిబ్రవరి ఆఖరి సోమవారం లోపు చెప్పమన్నాడు. ఆయన నాతో ఒకే మాట అన్నారు: "అప్పటికి వ్యాన్ దారికొస్తే వ్యాపారం. లేకపోతే ల్యాబు." ల్యాబు జీతం వస్తే నిశ్చింతగా ఉంటుందని నాకు తెలుసు. ల్యాబు నుంచి వచ్చిన సాయంత్రాలు ఆయన సోఫాలో ఎలా కూర్చునేవారో కూడా తెలుసు.

మా వీధి చివర ఒక డాక్టరు గారు ఉండేవారు. గుండె డాక్టరు. చుట్టరికం లేకపోయినా మావారూ ఆయనా "బావా" అని పిలుచుకునేవారు, నన్ను డాక్టరు గారు "చెల్లెమ్మా" అనేవారు. వ్యాన్ కొన్నరోజు కొబ్బరికాయ కొట్టిందీ, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టిందీ ఆయనే. "బండి మొహం ఎప్పుడూ తూర్పుకే ఉండాలి బావా, మర్చిపోకు" అని ఆ రోజే చెప్పారు. మావారికి ఇలాంటివాటి మీద నమ్మకం లేదు. అయినా మా డ్రైవ్‌వే వీధిలోంచి గ్యారేజీ వైపుకి తూర్పుగానే ఎక్కుతుంది. తిన్నగా లోపలికి పోనిస్తే చాలు, మొహం తూర్పుకే ఉంటుంది. శ్రమలేని భక్తి కాబట్టి పాటించారు.

గడువుకి ముందు శుక్రవారం, మధ్యాహ్నం ఎలాగో స్టార్ట్ చేసుకుని వెళ్ళి సాయంత్రం వ్యాన్ నిండా బియ్యం బస్తాలతో వచ్చాం. సన్నటి మంచువాన పడి డ్రైవ్‌వే అద్దంలా ఉంది. బస్తాలు మోస్తూ దాని మీద నడిస్తే నడుం విరుగుతుంది. అందుకని వ్యాన్‌ని రివర్స్‌లో ఎక్కించి, వెనక తలుపులు గ్యారేజీకి ఆనించి, బస్తాలు లోపలికి జారవిడిచాం. రేపటి సరుకు మటుకు ఉంచుకున్నాం. ఈలోగా డాక్టరు గారు అటుగా వచ్చారు.

"ఇదేంటి బావా, పడమర చూస్తోంది?"

"రేపు ఎలాగూ స్టార్ట్ అవ్వదుగా. ఎటు చూస్తే ఏం?"

"అలా అనకు. పేషెంటు ముందు అలా మాట్లాడకూడదు."

మర్నాడు అంతకు ముందు ఏ రోజూ లేనంత చలి. దీపం వెలిగింది, ఆరింది. ఆయన తాళం తిప్పగానే ఇంజన్ అంటుకుంది. తెల్లటి పొగ వీధి సగం దాకా కమ్మింది. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఆయన సంతోషించలేదు. కారణం తెలియని ఫలితం అంటే ఆయనకి పడదు. దారి పొడుగునా పద్యం చదవలేదు. నిన్నటికీ ఇవాళ్టికీ ఏం మారిందో ఒక్కొక్కటే పైకి అనుకుంటూ వచ్చారు. డీజిల్ అదే. బ్యాటరీలు అవే. చలి ఇంకా ఎక్కువ. డెలావేర్ నది దాటుతుండగా స్టీరింగ్ మీద అరచేత్తో కొట్టి అరిచారు.

"తూర్పోయ్! తూర్పు!"

"తూర్పేంటండీ?"

"తూర్పంటే ఎత్తు! మొహం ఎత్తులో ఉంటే ఇంజన్ పైన, ట్యాంకు కింద. పొద్దునయ్యేసరికి డీజిలంతా వెనక్కి జారిపోతోంది! ఎక్కడినుంచో గాలి దూరుతోంది!"

ఆ రాత్రి మళ్ళీ తూర్పు మొహంగా పెట్టారు. ఆదివారం పొద్దున గరగరమంది, అంటుకోలేదు. ఓడిపోయిన మనిషి ఇంత ఆనందపడడం నేనెప్పుడూ చూడలేదు. డాక్టరు గారిని ఫోన్ చేసి పిలిచారు. ఆయన కోటు మీద ఇంకో కోటు వేసుకుని వచ్చి, అంతా విన్నారు.

"గాలంటే మా డిపార్ట్‌మెంటు" అన్నారు. "సెలైన్ ట్యూబులో బుడగ వస్తే మేము కంటితో చూస్తాం. నీ గొట్టాలు నల్లగా ఉన్నాయి, ఏం కనపడుతుంది? ఒక ముక్క తీసేసి అద్దంలాంటి ప్లాస్టిక్ ట్యూబ్ పెట్టు."

"డాక్టరంటే డాక్టరే బావా."

"తూర్పు పెట్టమన్నప్పుడు మాత్రం అనలేదు ఈ మాట."

"నువ్వు తూర్పు పెట్టమన్నందుకే కదయ్యా రెండు సెట్లు ప్లగ్గులు మాడిపోయాయి!"

నిజం అదే. ప్లగ్గులు పోవడం వల్ల బండి మొరాయించలేదు. బండి మొరాయిస్తుంటే వాటిని పదే పదే వేడి చేసి మేమే మాడ్చాం.

హార్డ్‌వేర్ షాపు నుంచి ట్యూబ్ తెచ్చారు. సిలిండర్లలోకి చిమ్మగా మిగిలిన డీజిల్‌ని తిరిగి ట్యాంకుకి పంపే సన్న గొట్టాలు ఇంజన్ మీద ఉంటాయి. అందులో ఒకచోట ఆ ప్లాస్టిక్ ట్యూబ్ బిగించి ఇంజన్ తిప్పారు. నేను సీట్లో కూర్చుని తాళం పట్టుకున్నాను, వాళ్ళిద్దరూ మూత తీసి తలలు లోపల పెట్టారు. బుడగలు వరసగా పోతున్నాయి. "అదుగో, అదుగో" అని ఇద్దరూ పిల్లల్లా అరిచారు. గొట్టాలు అతికే చోట చిన్న రబ్బరు రింగులు ఎండి గట్టిపడ్డాయి. డీజిల్ కారేంత పగులు కాదు, గాలి దూరేంత పగులు. విడిభాగాల షాపు ఆదివారం తెరిచే ఉంటుంది. రింగులూ గొట్టాలూ అన్నీ మార్చి, వ్యాన్ ఒకసారి తిప్పి తెచ్చి వీధిలో ఆపేసరికి చీకటి పడింది. ఇద్దరి చేతులూ మోచేతుల దాకా నలుపు. ఎంత కడిగినా డీజిల్ వాసన పోలేదు; మా అన్నం బల్ల దగ్గర డాక్టరు గారు స్పూనుతో తిన్నారు.

ఇక ఎటు పెట్టాలన్న ప్రశ్న వచ్చింది. మావారు, మొహం దిగువకి పెడితే క్షేమం కదా అన్నారు. గడువు రేపే కాబట్టి కొంచెం భయంగానే అన్నట్టున్నారు.

"కాదు" అన్నారు డాక్టరు గారు. "పేషెంటుని మంచం మీద పడుకోబెట్టి గుండె బాగుందంటే లాభం లేదు. మెట్లెక్కించి చూడాలి. తూర్పుకే పెట్టు."

మావారు వెళ్ళి వ్యాన్‌ని తూర్పు మొహంగా పెట్టి వచ్చారు.

సోమవారం పొద్దున నేను వంటింటి కిటికీలోంచి చూస్తున్నాను. డాక్టరు గారు ఆస్పత్రికి వెళ్ళాల్సిన మనిషి, తన కారు మా ఇంటి ముందు ఆపి అద్దం దించి కూర్చున్నారు. పసుపు దీపం నాకు కనపడదు, కాని వ్యాన్‌లో మావారు తల వంచి ఎదురుచూడడం కనపడింది. తర్వాత ఇంజన్ ఒక్కసారి దగ్గి అంటుకుంది. డాక్టరు గారు హారన్ కొట్టారు. ఎదురింటావిడ కిటికీ తెర తీసి చూసింది.

మావారు ఇంజన్ ఆపకుండా, వీధి తలుపు మూయకుండా లోపలికొచ్చి ల్యాబుకి ఫోన్ చేశారు. ఆ చప్పుడు విని, బస్ స్టేషన్ నుంచి మాట్లాడుతున్నావా అని బాసు అడిగినట్టున్నాడు, "నో, నో, ఫ్రమ్ హోమ్" అన్నారు. తర్వాత చాలా మర్యాదగా, ఇక రానని చెప్పి, రెండుసార్లు థ్యాంక్స్ చెప్పారు. ఫోన్ పెట్టేసి, దాని మీద చెయ్యి తియ్యకుండా నిలబడ్డారు.

"బాధగా ఉందాండీ?" అన్నాను.

"లేదోయ్" అన్నారు. "ఆకలేస్తోంది."