జ్వరం దాచిన మనిషి

కరోనా సూదులు ఊళ్లకు వస్తున్న రోజులవి. కామారెడ్డిలో ఎల్లారెడ్డి బస్సెక్కి అలసటతో కూలబడ్డాను. పక్కనున్న ఆమె ఒళ్లు కాలిపోతోంది. జరిగి కూర్చున్నాను. నాకు చావంటే భయం. సూదన్నా భయమే, అప్పటిదాకా ఏదో సాకు చెప్పి తప్పించుకున్నాను.

"రోగం కాదవ్వా, నిన్న కామారెడ్డి దవాఖానల సూది ఏసుకున్న. గీ కాయిదంల ఏమున్నదో జర చదువు" అంది.

అరవై దాటాక అక్షరాలు నేర్చినదాన్ని. కూడబలుక్కుంటూ చదివాను. జ్వరం రెండు రోజుల్లో తగ్గుతుందని ఉంది.

"ఇంకోపారి చదువు."

చదివాను.

"సూదేసుకుంటే చస్తమని మా ఊరోళ్లు చేన్లల్ల దాక్కుంటుండ్రు. ముందుగాల నేనే ఏసుకున్న. వణుక్కుంట బస్సు దిగితే, రేపు మా ఊరికి సూదులేయనొచ్చే నర్సమ్మ కాడికి ఒక్కలు గూడ రారు."

"ఇంట్ల పండుకోరాదు బిడ్డా?"

"పండుకుంటే సచ్చిందంటరు" అని నవ్వింది.

ఊరు రాగానే నా సీసా నీళ్లతో ముఖం కడుక్కుని, కొంగు నడుముకు దోపి దిగింది. కింద నలుగురైదుగురు ఆమెనే చూస్తున్నారు.

"ఏంది గట్ల సూస్తుండ్రు? దయ్యమనుకున్నరా?" అని కసిరింది.

"దయ్యానికి గింత నోరుంటదా?" అన్నాడొక ముసలాయన.

బస్సు కదిలింది. దేన్నీ పట్టుకోకుండా నిటారుగా నడిచిపోతోంది ఆమె.

వారానికి అదే దారిన తిరిగివస్తుంటే, ఆ ఊరి బడి ముందు సూది కోసం జనం వరుస కట్టారు. ఆమె కోసం వెతికాను, కనబడలేదు. ఎల్లారెడ్డి దవాఖానలో సూది పడ్డ నా చెయ్యి ఇంకా నొస్తూనే ఉంది.