టైలరమ్మ కిటికీ

వీధిలో అందరూ ఆవిడను టైలరమ్మ అనే పిలుస్తారు. నలభై ఏళ్ల క్రితం ఆ చిన్న బంగళాకి కోడలిగా వచ్చిన రోజే వరండా చూరుకు తల కొట్టుకుని నుదుట బొప్పి కట్టింది. ఆనాటి నుంచి ఆవిడకీ ఆ ఇంటికీ పడదు. "బంగళా అంటే మేడా మెట్లూ ఉంటాయనుకున్నా. తీరా చూస్తే టోపీ కళ్లదాకా దించుకున్న ముసలాయనలా ఉంది" అని వచ్చినవాళ్లందరికీ చెప్పేది.

ఇల్లు కట్టించింది ఆవిడ మామగారి తండ్రి. ఆ సంగతి మరిచిపోకుండా చూసే బాధ్యత వదినగారిది, అంటే భర్త అక్కగారిది. ఆవిడ పంతులమ్మగా రిటైరై పుట్టింటికి వచ్చేసింది. తాతగారి గొప్పలు రోజుకు రెండు పూటలా చెప్పేది.

ఒకనాటి ఉదయం ఇంటి వివరాలు రాసుకుపోవడానికి పాత కట్టడాల ఆఫీసు నుంచి ఒక ఇంజినీరమ్మాయి వచ్చింది. వస్తూనే వరండాలో చతికిలబడి, లావుపాటి చెక్క స్తంభాలను ఆప్యాయంగా తడిమింది.

"ఇలాంటి ఇళ్లు ఊళ్లో తొమ్మిదే మిగిలాయండీ!"

"మిగతావాళ్లు తెలివైనవాళ్లు. కూలగొట్టేసుకున్నారు" అంది టైలరమ్మ.

ఆ అమ్మాయి నవ్వి, చూరు అంత కిందికి ఎందుకు దించారో చెప్పింది. మధ్యాహ్నం ఎండ గదుల్లోకి రాదు, వానకు గోడ తడవదు. గుమ్మాలన్నీ ఒకే వరసలో ఉన్నాయి కాబట్టి గాలి ఇటునుంచి అటు పోతుంది. నడవా కోసం జాగా దండగ చెయ్యలేదు. అల్మరాలు గోడల్లోనే ఇమిడిపోయాయి. "చిన్న జీతగాళ్లు కూడా హాయిగా బతకాలని ఎవరో కూర్చుని ఆలోచించి గీసిన ఇల్లండీ ఇది. రాజుగారి కోటలకి కాపలా ఉంది, ఇలాంటివాటిని పట్టించుకునేవాళ్లే లేరు."

టైలరమ్మ మొదటిసారి చూరు వైపు కాస్త మర్యాదగా చూసింది. కొలతల దగ్గర ఇంజినీరమ్మాయి ఇనప టేపు మొరాయిస్తే, తన మెడలోని టేపు తీసి తానే రంగంలోకి దిగింది. "తూర్పు గోడ అంగుళమున్నర ఎక్కువుంది. చొక్కా అయితే విప్పి మళ్లీ కుట్టేదాన్ని."

వెనకగదిలోకి వెళ్లగానే ఇంజినీరమ్మాయి ఆగిపోయింది. కుట్టుమిషను ఎదురుగా, ఉత్తరపు గోడలో పొడుగ్గా, అడ్డంగా ఒక కిటికీ.

"ఇది మాత్రం ఎక్కడా చూడలేదు! కిటికీలన్నీ నిలువు, ఇదొక్కటే అడ్డం. పొద్దస్తమానం ఎండ పడని వెలుతురు! ఆ కాలంలోనే ఎంత ఆలోచన!"

"మా తాతయ్య బుర్ర అంటే ఏమనుకున్నావమ్మాయ్?" వదినగారు పొంగిపోయింది. "చిన్నప్పుడు ఈ కిటికీలో కూర్చునే నేను ఎక్కాలు బట్టీపట్టింది."

టైలరమ్మ టేపు చుట్టడం ఆపేసింది. ఆ కిటికీ పెళ్లయిన రెండో ఏడు ఆవిడే పెట్టించింది. నల్లగుడ్డ మీద నల్లదారం కనబడక రెండుసార్లు వేలు కుట్టుకుంది. బస్సు కండక్టరైన భర్త నాలుగు రోజుల డ్యూటీకి వెళ్లగానే తాపీమేస్త్రిని పిలిచి, గుడ్డ మీద గీసే సుద్దతో గోడ మీద గీసిచ్చింది. తిరిగొచ్చిన భర్త కిటికీ ముందు చాలాసేపు నిలబడి, "ఇది ఎప్పట్నించి ఉందే?" అన్నాడు. "మీరెప్పుడూ చూళ్లేదా?" అంది ఆవిడ. ఆయన తల గోక్కుంటూ భోజనానికి కూర్చున్నాడు. మరెవరూ అడగలేదు.

ఇప్పుడు చెబితే వదినగారి పరువు పోతుంది. అయినా, తన కిటికీని తాతగారికి ధారపోయడానికి మనసొప్పలేదు.

"అది నేను పెట్టించింది."

వదినగారు కిటికీని ఒకసారి, టైలరమ్మను ఒకసారి చూసింది.

"మరి నా ఎక్కాలో?" అంది వదినగారు నీరసంగా.

"వరండాలో బట్టీపట్టుంటారు వదినా." టైలరమ్మ ఇంజినీరమ్మాయి వైపు తిరిగింది. "ఇంటిని చెడగొట్టానా అమ్మా?"

ఆ అమ్మాయి కిటికీ పైఅంచు కొలిచింది. మిగతా కిటికీల వరసకు వెంట్రుకవాసి తేడా లేదు. "చెడగొట్టడమా! ఇంటి తీరు తెలిసినవాళ్లు పెట్టిన కిటికీ. ఇంతకీ కింది అంచు ఎత్తు ఎలా లెక్కగట్టారు?"

"లెక్కేముంది, మిషను మీద వంగితే నా కళ్లు ఎక్కడుంటాయో అక్కడ."

ఆ అమ్మాయి ఆ ముక్క పొల్లుపోకుండా రాసుకుంది.

మూడు నెలలకు నివేదిక ప్రతి వచ్చింది. వదినగారు కళ్లజోడు పెట్టుకుని పైకి చదివింది. తాతగారికి అర పేజీ. కిటికీకి నిండా ఒక పేజీ. "రూపకల్పన: ఈ ఇంటి కోడలు, వృత్తిరీత్యా దర్జీ" అన్న చోట ఆవిడ ఆగింది. గొంతు సవరించుకుంది. ప్రహరీ అవతల పక్కింటావిడ బట్టలు ఆరేస్తోందని గమనించి, ఆ వాక్యాన్నే ఈసారి మరింత గట్టిగా చదివింది.

టైలరమ్మ మిషను ఆపి, వినబడనట్టు మొహం పెట్టి, మొత్తం వింది.