గన్ క్లబ్బు తరఫున నేను మాట్లాడిన రోజు

ఒక మనిషి అద్భుతంగా ఉపన్యాసం ఇచ్చి, అందరిచేతా చప్పట్లు కొట్టించుకుని, ఆ ఉపన్యాసం పుణ్యమా అని మర్నాడు పొద్దున్నే తన గుమ్మంలోకి పోలీసుల్ని రప్పించుకోవడం మీరెక్కడైనా విన్నారా? వినకపోతే ఇలా కూర్చోండి. ఆ ఘనుణ్ణి నేనే.

అవి కరోనా రోజులు. మేము ఐర్లండులో కార్లో ఊరి చివర ఉండేవాళ్ళం. నాది గుంటూరు, ఉద్యోగం కంప్యూటర్ల మీద. వీటితోపాటు నేనొక షాట్‌గన్‌కి యజమానిని. మా వంశంలో ఉండేలు తిన్నగా పట్టినవాడు కూడా లేడు. కానీ ఇక్కడ పొలాల మధ్య ఒక క్లబ్బుంది. గాల్లోకి ఎగరేసిన మట్టి బిళ్ళల్ని తుపాకీతో పేల్చడం వాళ్ళ ఆట. స్నేహితుడొకడు సరదాగా తీసుకెళ్ళాడు. వాడు మానేశాడు, నేను ఉండిపోయాను. గార్డులు, అంటే ఇక్కడి పోలీసులు, నా మంచీ చెడూ విచారించి లైసెన్సు ఇచ్చిన రోజున దాన్ని ఫోటో తీసి బంధువులందరికీ పంపాను. మా పెదనాన్న ఒక్కరే జవాబిచ్చారు. అక్కడ దొంగల భయం అంత ఎక్కువగా ఉందా అని అడిగారు.

లాక్‌డౌన్‌తో క్లబ్బు మూతపడింది. సరిగ్గా అప్పుడే ప్రభుత్వం వారు ఒక శిక్షణ పెట్టారు. ఇంట్లో ఒంటరిగా కూర్చుని, ఇంటర్నెట్లో ఏవేవో చదివి, మెల్లగా ఉగ్రవాదం వైపు జారిపోయే మనుషుల్ని ఎలా గుర్తుపట్టాలో తుపాకులున్నవాళ్ళకి ఆన్‌లైన్‌లో నేర్పుతారట. మా వాళ్ళకి ఒళ్ళు మండిపోయింది. తుపాకీ ఉంటే చాలు, అనుమానం మా మీదేనా, ఒకరి మీద ఒకరు చాడీలు చెప్పుకోవాలా అన్నారు. క్లబ్బు పెద్ద టామ్ అని ఒక ముసలి రైతు. గుర్తుపట్టాల్సిన లక్షణాలేమిటో ముందే కనుక్కుని నాకు ఫోన్ చేశాడు. ఒంటరిగా ఉంటాడు, ప్రభుత్వాన్ని తిడతాడు, ఆకుపచ్చ మచ్చల బట్టలు వేసుకుంటాడు, సరుకులు పోగేస్తాడు.

"వాళ్ళు చెప్పేది ఉగ్రవాది గురించి కాదబ్బాయ్. మా తమ్ముడి గురించి" అన్నాడు టామ్.

ఇంకొకాయన కోపంతో తుపాకీ గార్డులకి తిరిగిచ్చేస్తానని బయల్దేరాడు. ఐదు కిలోమీటర్లు దాటి వెళ్ళకూడదన్న రూలు గుర్తొచ్చి ఆగిపోయాడు. చివరికి అందరూ ఆలోచించి, శిక్షణకి వెళ్దాం, కానీ మన తరఫున ఒకరు మర్యాదగా నాలుగు ముక్కలు చెప్పాలి అని తీర్మానించారు. రోజంతా కంప్యూటర్ ముందు మాట్లాడి బతికేవాణ్ణి కాబట్టి ఆ ఒకరు నేనేనని తేల్చారు. పుట్టి బుద్ధెరిగినప్పట్నుంచీ అక్కడే తుపాకులు పట్టిన ఐరిష్ రైతుల తరఫున గుంటూరువాడు మాట్లాడటం! నా ఛాతీ చొక్కాలో పట్టలేదు.

ఇక్కడ మా ఆవిడ సుజాత సంగతి చెప్పాలి. లాక్‌డౌన్‌లో జనం బేకరీలు పెట్టారు, తోటలు వేశారు. సుజాత ఇడ్లీ కారప్పొడి కొట్టింది. గుంటూరు మిరపకాయలు, మినప్పప్పు, వెల్లుల్లి. డబ్బా మూత తీస్తే పక్కింటివాళ్ళు కిటికీలు మూసుకునేవారు. ఇక్కడి పిల్లలకి తెలుగు పేరు నోరు తిరగదని, హోటళ్ళలో పిలిచే ఇంగ్లీషు పేరే దానికి పెట్టింది: గన్ పౌడర్. డబ్లిన్ నుంచి బెల్ఫాస్ట్ దాకా తెలుగువాళ్ళంతా దానికోసం ఫోన్లు చేసేవాళ్ళు.

శిక్షణ రోజు పైన కోటు, కింద లుంగీతో వంటింటి బల్ల దగ్గర కూర్చున్నాను. శిక్షణ ఇచ్చే అధికారి లక్షణాలన్నీ వివరించాక నాకు అవకాశమిచ్చాడు. నేను గొంతు సవరించుకున్నాను. తుపాకీ ఉన్నవాణ్ణి అనుమానించకండి, నమ్మి బాధ్యత అప్పగించండి అన్నాను. తుపాకీని ఎలా దాస్తామో, ఎలా తాళం వేస్తామో చెప్పాను. చివర్లో ఆవేశం వచ్చేసింది.

"మాలో ఒకడు దారి తప్పితే మీకంటే ముందు మేమే కనిపెడతాం. వాడు మా ప్రాణ స్నేహితుడైనా సరే, ఆ రోజే గార్డులకి చెబుతాం."

చప్పట్లు మోగాయి. టామ్ కళ్ళు తుడుచుకున్నాడు. నేను వినయంగా తల వంచి మైకు ఆపాను. ఆపాననుకున్నాను. నేను ఆపింది కెమెరా. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందని పెద్దలన్నారు గానీ, మైకు మూయకపోతే ఏమవుతుందో వాళ్ళు చెప్పలేదు.

అప్పుడే సుజాత వంటింట్లోకి వచ్చింది. చేతిలో ఫోను, అవతల సరిహద్దు దాటి బెల్ఫాస్ట్‌లో ఉండే విమల.

"గన్ పౌడర్ టెన్ కేజీ రెడీ విమలా. ఫ్రైడే డెలివరీ. బోర్డర్ దగ్గర గార్డ్స్ చెకింగ్ ఉందా?" అని ఫోను పెట్టేసి నా వైపు తిరిగింది. "ఏవండీ, ఇదంతా మీ గన్ సేఫ్ పక్కన ప్రెస్‌లో పెట్టనా?"

ప్రెస్ అంటే ఇక్కడ అలమర. ఆ ఘాటు తలుచుకుని నేను యథాలాపంగా అన్నాను: "పెట్టు. టైట్‌గా సీల్ చెయ్యి, లేకపోతే హౌస్ అంతా బ్లాస్ట్ అవుద్ది."

మీరే చెప్పండి. తెలుగు రానివాడికి ఇందులో వినబడేది ఏమిటి?

మీటింగు ఒక్కసారిగా నిశ్శబ్దమైపోయింది. నా ఉపన్యాసం ఇంకా వాళ్ళ గుండెల్లో తిరుగుతోందనుకున్నాను. అధికారి గబగబా ధన్యవాదాలు చెప్పి ముగించేశాడు. పాపం, నా తర్వాత ఆయనకి మాటలు దొరకలేదనుకున్నాను.

మర్నాడు పొద్దున్న తలుపు తీస్తే ఇద్దరు గార్డులు, మాస్కులు కట్టుకుని, దూరం పాటిస్తూ నిలబడ్డారు. వాళ్ళలో పెద్దావిడ సార్జెంటు. తుపాకీ పెట్టె ఒకసారి చూడాలంది. చూపించాను. తాళం, లైసెన్సు, అన్నీ సక్రమం. తర్వాత ఆవిడ గొంతు తగ్గించి, ఇంట్లో గన్ పౌడర్ ఉందా అని అడిగింది.

అప్పుడు మా పౌరసత్వం దరఖాస్తు కూడా నడుస్తోంది. లైసెన్సు, పౌరసత్వం, ఉద్యోగం, మూడూ కలిసి విమానమెక్కి గుంటూరు వెళ్ళిపోతున్నట్టు కనిపించింది. వెనకనుంచి సుజాత మాత్రం, తన పేరు పోలీస్ స్టేషన్ దాకా వెళ్ళిందన్న సంబరంతో అలమర తెరిచింది.

"ఉందండీ. మీకు మైల్డ్ కావాలా, హాట్ కావాలా?" అని ఇంగ్లీషులో అడిగింది.

సార్జెంటు డబ్బా మూత తీసింది. మాస్కులోంచే ఘాటు తగిలి ఒక తుమ్ము తుమ్మింది. కరోనా రోజుల్లో పోలీసు తుమ్మితే ఎలా ఉంటుందో ఊహించుకోండి. ముగ్గురం మూడు దిక్కులకి గెంతాం. ఇడ్లీ మీద నెయ్యి వేసి, ఆ పొడి అద్దుకుని తింటామని సుజాత వివరించింది. సాక్ష్యం కోసం రెండు ఇడ్లీలు కూడా ఇచ్చింది. కరోనా రూలు ప్రకారం మా ఇంట్లో తినకూడదని సార్జెంటు తోటలో నిలబడి, కళ్ళ నీళ్ళు కార్చుకుంటూ ఒక్క ముక్క మిగల్చకుండా తింది. కేసు కొట్టేశారు.

సాయంత్రం టామ్ ఫోన్ చేశాడు. నేను సూటిగా అడిగేశాను, గార్డులకి చెప్పిందెవరని.

"నేనే" అన్నాడు. "ఫోన్ చేసే ముందు చాలాసేపు కూర్చున్నానబ్బాయ్. చెయ్యి రాలేదు. కానీ ప్రాణ స్నేహితుడైనా సరే అని నువ్వే అన్నావుగా."

ఆయనొక్కడే కాదు. తుపాకీ తిరిగిచ్చేస్తానన్నాయన, టామ్ తమ్ముడు, క్లబ్బులో మిగతావాళ్ళు, ఒకరికి తెలియకుండా ఒకరు అందరూ ఫోన్ చేశారట. ఒకరి మీద ఒకరు చాడీలు చెప్పుకోమంటారా అని ప్రభుత్వం మీద మండిపడ్డవాళ్ళే! ఆ అధికారి తర్వాత ఏ శిక్షణలోనైనా మా క్లబ్బునే ఆదర్శంగా చెప్పేవాడని విన్నాను. తమ తరఫున మాట్లాడినవాణ్ణే సాయంత్రానికల్లా పట్టించిన క్లబ్బు దేశంలో ఇంకోటి లేదన్నాడట.

ఆ మాట విన్నప్పుడల్లా నాకిప్పటికీ ఒళ్ళు పులకరిస్తుంది. ఎందరో మహామహులు ఉపన్యాసాలిచ్చారు గానీ, విన్నవాళ్ళంతా ఆ పూటే ఆచరణలో పెట్టిన ఉపన్యాసం నాదొక్కటే. అందుకే దేవుడి పటం ముందు నిలబడి, కర్పూరం ఆర్పి గట్టిగా ఒట్టేసుకున్నాను: ఈ జన్మలో మళ్ళీ ఎవరి తరఫునా అంత బాగా మాట్లాడను.